రెండున్నర బారలు

తెబాంగా ఊరు, నోనౌటి దీవి
డిసెంబరు

తమ్ముడు ఉరియామ్‌కు అక్క బకోవా ప్రేమతో రాస్తున్నది.

వారం నుంచి పడమటి గాలి ఆగలేదు. ఆరబెట్టిన కొబ్బరికి బూజు పట్టింది. పొద్దున మెరే, నేను దాన్ని ఏరి మంచిదాన్ని పొగ మీదికి ఎక్కించాం. తరవాత బాబై దుంపల గొయ్యిలో దిగి మొదళ్ళకు ఆకు ఎరువు తొక్కాను. బురదలోంచి పైకి రావడానికి మెరే చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది. పెంచుకున్న పిల్ల గనక ఊరికే లాగింది. కన్న పిల్లయితే ముందు నవ్వి, ఆ తరవాత లాగేది.

నేలల పటాలు గీసే మీ కంపెనీ వాళ్ళు వచ్చి వెళ్ళారు. వీపుకు యంత్రం తగిలించుకుని ఒకాయన అందరి గట్ల వెంటా నడిచాడు. నా నేల దగ్గరికి వచ్చి ఆగి, "పెద్దమ్మా, ఇది నేలా, దారా?" అన్నాడు.

"దారయితే నడిచిపో. నేలయితే చెప్పులు విడు" అన్నాను.

విడిచే నడిచాడు. మంచివాడు.

ఆ మాట నవ్వుకోవడానికే అయినా నా మనసులో ఉండిపోయింది. నా నేల వెడల్పు ఐదు బారలే. మడుగు నుంచి సముద్రం దాకా, చర్చి తోటకూ నీకు వచ్చిన అత్త నేలకూ మధ్య చాప అంచులా పడి ఉంటుంది. నా గుడిసె, బాబై గొయ్యి, తీపి నీళ్ళ బావి అన్నీ అందులోనే. తారాబ అత్తకు చేసిన సేవకు అత్త ఇచ్చిన నేల అది. ఆ రోజు నువ్వు నిట్టాడుకు ఆనుకుని మొగలి పండు నములుతున్నావు. "బకోవాకు ఈ ముక్క కోస్తున్నాను, విన్నావా?" అని అత్త అడిగింది. "విన్నాను" అన్నావు. ఆ మాట విన్నవాళ్ళలో ఇప్పుడు బతికి ఉన్నది మనిద్దరమే.

మార్చిలో భూమి కోర్టు మన ఊరి సభల ఇంట్లోనే, మనేయబలో, కూర్చుంటుందట. పటంలో ఉన్నది ఉన్నట్టు ఖాయం చేస్తారట. పటాలు దిద్దే చోట నువ్వే ఉన్నావు కాబట్టి నాకు దిగులు లేదు. అయినా ఒకసారి చూడు. నా నేల పోతే నాకు ఇంకెక్కడా అడుగు మోపే చోటు లేదు. నాన్న నేల నీకే వచ్చింది, నేనేమీ అనుకోలేదు.

ఎండు చేపలూ, ఒక సీసా కల్లు పాకమూ పడవలో పంపుతున్నాను. పాకం మీ ఆవిడ పుట్టింటివాళ్ళు తాగెయ్యకముందే నువ్వు తాగు.

అక్క
బకోవా


బెటియో, తరావా
జనవరి

అక్కకు నమస్కారాలు.

పాకం అందింది. నువ్వు అన్నట్టే జరిగింది. సీసా మాత్రం నాకు దక్కింది.

ఇక్కడ బావి నీళ్ళు నోట్లో పెట్టుకుంటే ఉప్పు. ఇంట్లో పడుకోవడానికి చాపకు చాప తగులుతోంది. మా ఆవిడ తమ్ముడు బీరిబో పనిలేకుండా కూర్చుని నాకు సలహాలు చెబుతుంటాడు. అందుకే వాడిని మీ దగ్గరికి పంపుతున్నాను. రేకులూ మేకులూ తీసుకుని వచ్చే పడవలో వస్తాడు. నాన్న నేలలో మడుగు చివర, అమ్మానాన్నల సమాధుల పక్కన, నాకు ఇల్లు కడతాడు. ఇంకెంతకాలం ఈ ఊళ్ళో ఉప్పునీళ్ళు తాగను? వాడికి వేళకు ఇంత అన్నం పెట్టు.

నువ్వు నా పని ఏమిటని ఎప్పుడూ అడగలేదు. చెబుతాను విను. ఆ యంత్రం మోసినవాడు గట్టు మీద తూలుతూ నడుస్తాడు, చెట్టు అడ్డమొస్తే చుట్టి వస్తాడు. వాడు నడిచిన గీత తెర మీద పడితే ముళ్ళూ తోకలూ వస్తాయి. రెండు నేలల మధ్య ఎవరివీ కాని వెంట్రుకంత సందులు మిగులుతాయి. అదంతా చెత్త. దాన్ని చేత్తో ఏరుకుంటూ కూర్చుంటే ముసలివాళ్ళమవుతాం. అందుకని ప్రతి నేల ముక్కనూ చుట్టూ అన్ని వైపుల నుంచీ కొంత లోపలికి కుదిస్తాం. తరవాత అంతే మేర మళ్ళీ బయటికి ఉబ్బిస్తాం. లావుగా ఉన్నది కుదించినా కొంత మిగులుతుంది కాబట్టి, ఉబ్బిస్తే మళ్ళీ తన ఒళ్ళు తనకు వస్తుంది. సన్నగా ఉన్నది కుదించినప్పుడే ఏమీ మిగలకుండా పోతుంది. లేనిదాన్ని ఉబ్బించేదేముంది? చెత్త అలా పోతుంది. అది పోయిన ఖాళీ పక్కనున్న నేలలో కలుస్తుంది.

ఇందులో తమాషాలు కూడా ఉంటాయి. నడుమ సన్నగా ఉన్న నేల ఆ నడుము దగ్గర రెండుగా తెగుతుంది. పెద్ద ముక్కకు ఆసామి పేరు మిగులుతుంది, చిన్నది పక్కవాడిలో కలిసిపోతుంది. కింది దీవుల్లో ఒక ముసలాయన తోట అలా తెగితే, ఆయన ఇక్కడిదాకా పడవెక్కి వచ్చి మా బల్ల ముందు నిలబడి ఏడ్చాడు. ఆయన వెళ్ళాక ఆఫీసంతా ఒకటే నవ్వు.

నీ నేల సంగతి నాకు వదిలెయ్. మన దీవి పటం దిద్దేది నేనే.

తమ్ముడు
ఉరియామ్


తెబాంగా
ఫిబ్రవరి

తమ్ముడు ఉరియామ్‌కు,

గాలి తగ్గింది. కొబ్బరి ఎండుతోంది. మీ బావమరిది వచ్చాడు.

వచ్చినరోజే నా బావిలో చేద వేశాడు. అడగలేదు. "బీరిబో, మనుషులు పలకరించి నీళ్ళు తోడుకుంటారు" అన్నాను.

"మా బావ బావి దగ్గర నేనెవరిని పలకరించాలి వదినా? కప్పలనా?"

"ఇది మీ బావది కాదు."

"అలాగా? మరి ఆయన పటంలో అంతా ఒకటే కనిపించిందే నాకు" అని నవ్వి, కాళ్ళు నా బావి రాతి మీదే కడుక్కున్నాడు.

వాడికి పొగరు తప్ప పని రాదు. సముద్రం వైపు నుంచి దూలాలు మోసుకొస్తుంటే, నాన్న నేల సన్నబడే చోట, దాని పక్క నేలలో ఉన్న కౌటు వాళ్ళ మొగలి చెట్టును విరగ్గొట్టాడు. నీకు గుర్తుందో లేదో, ఆ చెట్టున్నది మన తాతయ్య కౌటు వాళ్ళ ఇంటి ఆడమనిషి జోలికి పోయినందుకు తప్పు కింద కోసి ఇచ్చిన ముక్కలో. ఆ ముక్క కోశాక అక్కడ మనకు మిగిలింది నాలుగు బారలే. కౌటు బయటికి వచ్చి, "మీ తాత ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఉంటే నీకు నడవడానికి ఇంకాస్త చోటు ఉండేది" అని అరిచాడు. ఆ తాత ఎవరో కూడా బీరిబోకు తెలియదు. "మా తాత పడవలో పోయాడు" అన్నాడు. ఊరంతా నవ్వింది. నేనూ నవ్వాను.

కానీ వాడు పటం గురించి అన్న మాట నన్ను నిద్రపోనివ్వలేదు. కౌన్సిలు ఆఫీసుకు నడిచి వెళ్ళాను. గుమాస్తా ఇయోతేబా పటం పరిచి వేలితో వెతికాడు. చర్చి తోట ఉంది. దాన్ని ఆనుకుని నీ నేల ఉంది. మధ్యలో ఏమీ లేదు.

"మీ నేల ఉపవాసం చేసినట్టుంది పెద్దమ్మా. మరీ చిక్కిపోయింది" అన్నాడు.

నా ముఖం చూసి పటం మడిచేశాడు. టీ ఇచ్చాడు.

నువ్వు పనుల్లో చూసుకోలేదేమో. ఈ పడవలోనే జవాబు రాయి.

అక్క


బెటియో
ఫిబ్రవరి నెలాఖరు

అక్కా,

నీ ఉత్తరం అందింది. ఇందులో ఎవరి తప్పూ లేదు. యంత్రానికి నువ్వెవరో నేనెవరో తెలియదు. సన్నటిది దానికి చెత్త, అంతే. ఒక్క నేల కోసం పటం మొత్తం తిరగదోడమంటే మా పెద్దాయన ఒప్పుకోడు.

పటంలో లేని నేలను కోర్టులో చెప్పుకోవచ్చు. ఇచ్చినవాళ్ళు బతికి లేకపోతే విన్నవాళ్ళు చెప్పాలి. నేను రాలేను, సెలవు లేదు. నా మాట బీరిబోకు చెప్పి పంపుతాను, వాడు నా తరఫున నిలబడి చెబుతాడు. పెద్దలు అది ఒప్పుకుంటారు.

వాడితో కీచులాడకు. బావిలో నీళ్ళు తోడుకుంటే ఏం తరిగిపోతాయి? నువ్వు తోడుకునేదీ ఆ నీళ్ళే కదా. అత్త బతికి ఉన్నప్పుడు ఆ బావి అందరిదీ.

ఇంటి పని ఎంతవరకు వచ్చిందో రాయి. రేకులు సముద్రపు గాలికి ఎగిరిపోకుండా గట్టిగా కట్టమను.

ఉరియామ్


తెబాంగా
మార్చి

ఉరియామ్‌కు,

కోర్టు అయిపోయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను, బీరిబో నీకు ఇంకోలా చెబుతాడు కనుక.

మేజిస్ట్రేటు నడిమి చాప మీద కూర్చున్నాడు. పెద్దలు ఎవరి చోట వాళ్ళు కూర్చున్నారు. పటం స్తంభానికి కట్టారు. పటంలో నేల పోయినవాళ్ళు నాతో పాటు ఇంకా కొందరున్నారు. ఒక్కొక్కరూ లేచి చెప్పుకున్నారు. వాళ్ళ అన్నలో, పిన్నులో లేచి అవునన్నారు. ఇయోతేబా పెన్సిలుతో గీత గీశాడు. వాళ్ళ నేల వాళ్ళకు వచ్చింది. అంత తేలికగా అయిపోయింది.

నా వంతు వచ్చింది. అత్త మంచం పట్టిన కాలం చెప్పాను. ఒంటి పుళ్ళు కడిగిందీ, తిండి నమిలి పెట్టిందీ, మోసుకెళ్ళి సముద్రంలో కూర్చోబెట్టిందీ చెప్పాను. పెద్దల్లో ఇద్దరు తలలూపారు. "సేవ మేమూ చూశాం. నేల ఇచ్చిన మాట ఎవరు విన్నారు?" అని మేజిస్ట్రేటు అడిగాడు. "నా తమ్ముడు" అన్నాను. బీరిబో లేచాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు.

"మా బావ చెప్పి పంపిన మాట ఇది. ఆ రోజు ఆయన అక్కడే ఉన్నాడు. అత్త ఏమందో ఆయనకు తెలియదు."

మేజిస్ట్రేటు రెండోసారి అడిగాడు. వాడు రెండోసారి అదే చెప్పాడు, పాఠం అప్పజెప్పినట్టు. "మరి పటం ఉన్నట్టే ఉంటుంది" అన్నాడు మేజిస్ట్రేటు.

బయట ఇయోతేబా నా పక్కన కూర్చుని పొగాకు చుట్టాడు. "పెద్దమ్మా, ఒక సంగతి. మిగతా దీవుల పటాలకు చెత్త తీసింది అరబార లోపలికి కుదించి. కింద రాసి ఉంటుంది. మనదానికి ఒక్కదానికే రెండున్నర బారలు. ఎందుకో?" అన్నాడు.

రెండు వైపుల నుంచీ రెండున్నర కుదిస్తే ఐదు పోతుంది. నేను చదువుకున్నది తక్కువే. నువ్వు విడమరిచి రాశావు కాబట్టి అర్థమైంది.

మర్నాడు నాన్న నేల వంతు వచ్చింది. పటంలో అది నడుము దగ్గర తెగి ఉంది. సముద్రం వైపు కొబ్బరితోట నీ పేరున ఉంది. మడుగు చివర ముక్క కౌటు నేలలో కలిసి ఉంది. బీరిబో అంతవరకూ చూసుకోలేదు. నువ్వూ చూసుకోలేదనుకుంటాను. వాడు లేచి చేతులూపాడు. "అది మా బావ ఇల్లు! గోడలు లేచాయి! కళ్ళు లేవా మీకు?"

"ఇల్లు కాదు, నేల ఎవరిదో చెప్పు" అన్నాడు మేజిస్ట్రేటు.

"నాకేం తెలుసు, నేను ఈ దీవివాడినా? వదినను అడగండి. వదినా, చెప్పు! మీ నాన్న నేలే కదా!"

అందరూ నావైపు తిరిగారు. నాన్న నేల హద్దులు తెలిసినవాళ్ళలో మిగిలింది నేనే. కౌటుకూ తెలుసు. అతను నన్ను ఒకసారి చూసి, చాప పోగులు పీకుతూ కూర్చున్నాడు.

"నాకు తెలియదు" అన్నాను.

"అక్కడ మీ అమ్మానాన్నల సమాధులున్నాయి కదమ్మా" అన్నాడు పెద్దల్లో ఒకాయన, మెల్లగా.

"సమాధులు ఉన్నాయి. నేల ఎవరిదో నాకు తెలియదు. పటం ఏం చెబితే అదే."

మేజిస్ట్రేటు రెండోసారి అడిగాడు. నేను రెండోసారి అదే చెప్పాను.

పై కోర్టుకు వెళ్ళదలిస్తే వెళ్ళు. మొదట అడిగేది ఈ ఒక్క దీవికి రెండున్నర ఎందుకని. రెండోది, ఆ అంకె ఎవరు వేశారని. జవాబు నీకు తెలుసు కాబట్టి నీకు కష్టమేమీ ఉండదు.

ఇంటి పని అడిగావు. గోడలు లేచాయి. సగం కప్పు వేశారు. రేకులు గట్టిగానే కట్టారు.

బకోవా


బెటియో
ఏప్రిల్

బకోవాకు,

నువ్వు మనిషివేనా? నాతో తగువుంటే నాతో పెట్టుకోవాలి. అమ్మ ఏం చేసింది? నాన్న ఏం చేశాడు? ఆ సమాధుల మీద కౌటు పందులను కడతాడు. నువ్వు అటు నడిచినప్పుడల్లా చూస్తావు. నీకు నిద్ర పడుతుందా?

నీకు తెలుసుకోవాలని ఉందిగా, తెలుసుకో. అరబార పెట్టాను, నీది నిలిచింది. ఒకటి పెట్టాను, నిలిచింది. రెండు పెట్టినా గీత కట్టినట్టు సన్నగా నిలిచే ఉంది. మొండిది, నీలాగే. రెండున్నర దగ్గర పోయింది. అక్కడ ఆపాను. అంతకుమించి ఒక్క వేలెడు కూడా పెంచలేదు. ఇంకెవరి నేలా కావాలని నాకు లేదు. నీ ముక్కనే పెద్దది చేసి తెర నిండా పెట్టుకుని చూశాను. నాన్న నేల ఆ తెర మీద లేదు.

ఎందుకని అడుగుతావు. అత్త నేల మొత్తం మగపిల్లవాడిగా నాకు రావాలి. నువ్వు పుళ్ళు కడిగావు, సరే. ఆ ఇంట్లో ఉడికిన బియ్యం ఎవరు పంపారు? పిండి, చక్కెర ఎవరు పంపారు? అత్త ఒక్కనాడు నా పేరు తలిచిందా? నా ఎదురుగానే, నేను పండు తింటుంటే, బావి ఉన్న ముక్కే ఏరి నీకు కోసింది. నన్ను అడగలేదు, విన్నావా అని మాత్రం అంది. వినడానికే పనికొచ్చాను. ఇప్పుడు విన్నది కూడా నా ఇష్టం.

పై కోర్టుకు వెళ్ళలేనని తెలిసే రాశావు. అంత తెలివి నీకు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు, ఆ ఉత్తరం రాసిన నా చెయ్యి విరగ.

పటం ప్రకారం నువ్వున్నది నా నేల. కొత్త నెల వచ్చేసరికి ఖాళీ చెయ్యి. బావి మూత తీసి పెట్టి వెళ్ళు. బాబై గొయ్యి ముట్టుకోకు.

ఉరియామ్


తెబాంగా
ఏప్రిల్ నెలాఖరు

తారాబ అత్త మేనల్లుడికి,

ఎండలు బాగా కాస్తున్నాయి. కొబ్బరి అంతా అమ్మేశాను.

బాబై దుంపలన్నీ పీకించాను. పెద్దవి చర్చికి ఇచ్చాను, ఇంకా ఊరనివి కౌటు పందులకు వేశాను. గొయ్యి నీ నేలలో ఉంది, దాన్ని ముట్టుకోలేదు. దుంపలు నేను నాటినవి. బావి మూత తీసి పక్కన పెట్టాను. అందులో ఏమీ వెయ్యలేదు. మెరే వేద్దామంది, చెంప మీద ఒకటి ఇచ్చాను.

నువ్వు అనుకున్నట్టే కౌటు మడుగు చివర పందులను కట్టాడు. ముందు నా దగ్గరికి వచ్చి, "నీకు అభ్యంతరముంటే చెప్పు, వేరే చోట కడతాను. కావాలంటే ఆ సగం ఇంట్లో నువ్వే ఉండు, మీ అమ్మానాన్నల పక్కన" అన్నాడు. అతను మర్యాదకు అడగలేదు, నిజంగానే అడిగాడు.

"ఆ నేల నీది. నన్నెందుకు అడుగుతావు?" అన్నాను.

నిద్ర సంగతి అడిగావు. పడుతోంది.

అత్త ఆ పండు నీకోసమే దాచింది. చివరి పండు. తనకు మింగుడు పడేది కాదు, నన్ను తిననివ్వలేదు. "ఉరియామ్ వస్తాడు, వాడికి పెట్టు" అని దిండు కింద పెట్టుకుంది. నువ్వు నములుతున్నంతసేపూ నిన్నే చూస్తూ ఉంది. నీ పేరు తలిచిందా అని అడిగావు కాబట్టి రాశాను. లేకపోతే రాసేదాన్ని కాదు.

మేము మెరేను కన్నవాళ్ళ దీవికి పోతున్నాం. అక్కడ నాకు నేల లేదు. మనేయబలో వాళ్ళ చోట వెనకగా కూర్చోనిస్తామన్నారు.

ఇక నాకు ఉత్తరాలు రాయకు. రాసినా ఇక్కడ తీసుకునేవాళ్ళు లేరు.

బీరిబో రేకులు విప్పుకుని మంగళవారం పడవలో వెళ్ళాడు. మెరే, నేను శుక్రవారం పొద్దుటి పోటుకు.

బకోవా